ఆంగ్లమున భవిష్యదర్థబోధ: తెలుగుతో ఒక తులనాత్మక పరిశీలన

క్రియకు కాలములు మూడని మనమందరమును చిన్ననాడే చదువుకొంటిమి. భూత భవిష్యద్వర్తమానము లను నీ విభాగము లోకానుభవమునకు సరిపోవునదియే. జరిగినది, జరుగుచున్నది, జరుగనున్నది అని మనస్సు కాలమును మూడుగా తలచుట సహజము. కాని మనస్సు మూడుగా తలచినదానిని ప్రతి భాషయు మూడు రూపములతోనే చెప్పవలెనను నియమము లేదు. ఆంగ్లభాష యిందుకు ప్రబలమైన యుదాహరణము. మన తెలుగును అట్టిదే. ఈ రెండు భాషలును భవిష్యత్తును చెప్పు తీరులను ప్రక్క ప్రక్కన నుంచి పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ విషయమునందు నాకు చిన్ననాటనే యొక చిక్కు కలిగినది. నేను పుట్టి పెరిగినది మందమర్రి. కాజీపేట – బల్లార్షా రైలుమార్గముపై నున్న ఆ సింగరేణి గనుల యూరు అప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016లో మంచిర్యాల జిల్లాలో చేరినది. మా బాపు కళ్యాణి ఖనిలో పనిచేసెడివాడు. బడిలో నొకనాడు ‘మా బాపు రోజూ గనికి పోతడు’ అను వాక్యమును ఆంగ్లమున వ్రాయుమనగా నేను ‘మై ఫాదర్ విల్ గో టు ద మైన్ ఎవ్రీ డే’ అని వ్రాసితిని. ఉపాధ్యాయులు ‘విల్ గో’ను ఎఱ్ఱసిరాతో కొట్టివైచి ‘గోస్’ అని దిద్దిరి. కారణము చెప్పలేదు. ‘రేపు పోతడు’ అన్నప్పుడు ‘విల్ గో’ సరియైనచో, అదే ‘పోతడు’ అను క్రియ ‘రోజూ’ అన్నప్పు డేల తప్పైనదో నాకు బోధపడలేదు. ఇప్పుడు నా యొద్ద చదువు విద్యార్థులును ఆ తప్పునే చేయుచున్నారు. తప్పు మూడు తరములుగా నిలిచియున్నదన్నచో దాని వేరు విద్యార్థి యజాగ్రత్తలో లేదు. రెండు భాషల నిర్మాణములో నున్నది.

1. రూపము వేరు, కాలము వేరు

మొదట కాలమునకును కాలరూపమునకును గల భేదమును గుర్తింపవలెను. కాలము లోకమున నున్నది, కాలరూపము క్రియయందున్నది. ఆంగ్లక్రియ తన యాకారమును మార్చుకొని చెప్పగల కాలములు రెండే. ‘గో – వెంట్’, ‘వాక్ – వాక్డ్’ అనునవి ఆ రెండు రూపములు. ఒకటి భూతము, రెండవది భూతేతరము. లాటిను వంటి భాషలందు క్రియకే ప్రత్యయము చేరి భవిష్యద్రూప మేర్పడును. ఆంగ్లమున నట్టి ప్రత్యయము లేదు. ప్రాచీనాంగ్లమున వర్తమానరూపమే భవిష్యత్తునకును సరిపోయెడిది. జర్మానిక్ భాషాకుటుంబ మంతయు నిట్టి రెండు కాలముల సంపత్తితోనే ప్రారంభమైనది.

పాఠశాలావ్యాకరణములలో కనిపించు పండ్రెండు కాలముల పట్టిక లాటిను వ్యాకరణపు మూసలో ఆంగ్లమును పోసినందున కలిగినది. ఒట్టో యెస్పెర్సెన్ 1924లో వెలువరించిన వ్యాకరణతత్త్వ గ్రంథమున ఆంగ్లమునకు శుద్ధమైన భవిష్యత్కాలరూపము లేదని వాదించెను. 1985లో క్వర్కు ప్రభృతులు రచించిన బృహద్వ్యాకరణమును, 2002లో హడిల్‌స్టన్, పులమ్ పండితులు కేంబ్రిడ్జి పక్షమున ప్రకటించిన వ్యాకరణమును ఈ నిర్ణయమునే వేర్వేరు యుక్తులతో బలపఱచినవి. భవిష్యత్కాలరూపము లేదనగా భవిష్యత్తును చెప్పు నేర్పు లేదని యర్థము గాదు. ఒక్క రూపము లేకపోవుటచేతనే పెక్కు ప్రక్రియ లేర్పడినవి. ఒక్కొక్క ప్రక్రియకు నొక్కొక్క ఛాయ యబ్బినది.

2. విల్, షల్

ఈ ప్రక్రియలలో ప్రసిద్ధములు విల్, షల్ అను సహాయక్రియలు. వీని పుట్టుక నెఱిగినచో వీని స్వభావము తేటపడును. ‘విల్’కు మూలమైన ‘విల్లన్’ అను ప్రాచీనధాతువునకు కోరుట యని యర్థము. ‘షల్’కు మూలమైన ‘స్కులన్’ అను ధాతువునకు ఋణపడియుండుట, బద్ధుడై యుండుట యని యర్థము. ఒకటి ఇచ్ఛనుండియు, మఱియొకటి విధినుండియు బయలుదేరి భవిష్యదర్థమును చేరినవి. అయినను పుట్టినింటి వాసన రెంటిని నేటికిని విడువలేదు. విల్ అన్నచోట సంకల్పమో వాగ్దానమో, షల్ అన్నచోట విధియో శాసనమో లీలగా మెదలుచుండును.

1653లో జాన్ వాలిస్ అను పండితుడు, ఆంగ్లము నేర్వగోరు విదేశీయులకై లాటినున రచించిన వ్యాకరణమున ఈ రెంటికి నొక సూత్రము చెప్పెను. ఉత్తమపురుషయందు షల్ అన్నది కేవలము భావిని సూచించును, విల్ అన్నది వాగ్దానమునో బెదరింపునో తెలుపును. మధ్యమ ప్రథమపురుషలయం దిది తలక్రిందగును. ఈ సూత్రమును సమర్థించుటకు వైయాకరణులు చెప్పు పాతకథ యొకటి కలదు. నీట మునుగుచున్న విదేశీయు డొకడు ‘ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మి’ అని కేకలు వేసెనట. మునుగుటకే నిశ్చయించితిని, ఎవరును నన్ను రక్షింపరాదు అని యతని మాటలకు సూత్రప్రకారము అర్థమైనందున ఒడ్డుననున్న వా రూరకుండిరట! కథ వినోదార్థము, వాడుక ఎన్నడును అంత కఠినముగా లేదు. 1925లో చార్ల్స్ ఫ్రీస్ అను అమెరికా పండితుడు నాటకములందలి ప్రయోగములను లెక్కించి చూచి, జనుల వాడుక వాలిస్ సూత్రమునకు లోబడియుండలేదని నిరూపించెను. నేడు సామాన్యసంభాషణలో అన్ని పురుషలందును విల్ ప్రబలినది. షల్ అన్నది ‘షల్ ఐ ఓపెన్ ద డోర్?’ వంటి అనుమతిప్రశ్నలందును, శాసనభాషయందును ముఖ్యముగా నిలిచియున్నది.

విల్‌కు భవిష్యత్తుతో సంబంధము లేని ప్రయోగములును గలవు. తలుపు చప్పుడు విని ‘దట్ విల్ బి ద పోస్ట్‌మ్యాన్’ అన్నచో అది రాబోవుదానిని గూర్చిన మాట కాదు. ఇప్పటిదానిని గూర్చిన యూహ. ‘హి విల్ హావ్ రీచ్డ్ బై నౌ’ అన్నచో జరిగిపోయినదానిని గూర్చిన యూహ. కంటికి కానరానిదానిని బుద్ధితో నిర్ణయించుట విల్ యొక్క ప్రధానవ్యాపారము. భవిష్యత్తు ఎవ్వరికిని కానరానిది గనుక అందును అది వచ్చి చేరినది.

3. ఇతర ప్రక్రియలు

ఒకటి: ‘గోయింగ్ టు’. ఇది గమనార్థక ధాతువునుండి పుట్టినది. 1646లోనే జోషువా పూల్ అను వైయాకరణు డిది భావ్యర్థచిహ్నమని పేర్కొనెను. దీనికి రెండు వాడుకలు. ముందే మనస్సులో నిశ్చయించుకొన్నదానిని చెప్పుట యొకటి: ‘ఐ యామ్ గోయింగ్ టు బై ఎ హౌస్’. ఇప్పుడు కనబడుచున్న యాధారమును బట్టి జరుగనున్నదానిని చెప్పుట రెండవది: మబ్బును చూచి ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అనుట. రెంటియందును భవిష్యత్తునకు బీజము వర్తమానమున పడియున్నది. మాటలాడుచున్న క్షణముననే కలిగిన నిర్ణయమునకు ఇది చెల్లదు. ఫోను మ్రోగగా ‘ఐ విల్ ఆన్సర్ ఇట్’ అందురే కాని ‘ఐ యామ్ గోయింగ్ టు ఆన్సర్ ఇట్’ అనరు.

రెండు: వర్తమానానుబంధరూపము. ‘ఐ యామ్ మీటింగ్ హిమ్ టుమారో’ అన్నచో ఇరువురి నడుమ నేర్పాటు జరిగియున్నదని తాత్పర్యము. ఇది మనుష్యుల యేర్పాటునకే తగును. ‘ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో’ అన్నచో వినువారు నవ్వుదురు. వానతో నెవ్వడును ఒడంబడిక చేసికొనలేదు గదా.

మూడు: కేవల వర్తమానరూపము. ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ వంటి వాక్యములందు కాలపట్టికయే ప్రమాణము. క్యాలెండరు, రైళ్ల వేళలు, పరీక్షల తేదీలు – ఒకరి యిచ్ఛపై నాధారపడని వ్యవస్థలను గూర్చి చెప్పునప్పుడు దీనిని వాడుదురు. ‘ఇఫ్’, ‘వెన్’ మొదలగువానితో మొదలగు నుపవాక్యములందును భవిష్యదర్థమున నిదియే రావలెను: ‘ఇఫ్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్’.

నాలుగు: ‘విల్ బి’తో కూడిన యనుబంధరూపము. ‘విల్ యు కమ్?’ అన్న నది ప్రార్థన కావచ్చును. ‘విల్ యు బి కమింగ్?’ అన్నచో వచ్చుట యెటులను జరుగునదియేనా యని మర్యాదగా విచారించుట. ఇక ‘ఈజ్ టు’ ఉత్తరువులకును, పత్రికలలో పెద్దల రాకపోకలను తెలుపుటకును, ‘ఎబౌట్ టు’ అత్యాసన్న భవిష్యత్తునకును చెల్లును.

4. తెలుగున భవిష్యత్తు

ఇక మన భాషను చూతము. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున భూత భవిష్యద్వర్తమానములకు తోడు తద్ధర్మమను నాల్గవదానిని చెప్పెను. ‘వండును’ అన్నది తద్ధర్మము. ఇది కాలమునకంటె కర్త స్వభావమును, అలవాటును ముఖ్యముగా తెలుపును. భవిష్యత్తునకు ‘వండఁగలఁడు’ అను రూపమును విధించెను. ఇందలి ‘కల’ అను ధాతువునకు ఉనికి మూలార్థము. నేటి తెలుగున ‘వండగలడు’ అన్నచో వండు శక్తి యున్నదని యర్థమే కాని వండబోవునని కాదు. అయినను ఆహ్వానపత్రములందు ‘రాగలరు’ అనియు, ప్రకటనలందు ‘గమనించగలరు’ అనియు వ్రాయునప్పుడు పాత భవిష్యదర్థము మర్యాదవేషమున నింకను బ్రతికియున్నది. మీకు వచ్చు శక్తి యున్నదని యెవ్వడును పెండ్లిపత్రికలో వ్రాయడు.

‘గల’ శక్తియందు స్థిరపడుటతో నేటి వ్యవహారమున ‘వస్తాను’ అను రూప మొక్కటియే అలవాటునకును భవిష్యత్తునకును నిలిచినది. అందుచేతనే భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ పండితులు 1985 నాటి తమ వ్యాకరణమున దీనిని భవిష్యత్తు, తద్ధర్మము రెండును కలిసిన యొక్క కాలముగా పరిగణించిరి. మా ప్రాంతమున నిది ‘వస్త, వస్తవు, వస్తడు, వస్తది, వస్తం, వస్తరు’ అని హ్రస్వాంతమై వినబడును. అర్థవ్యాప్తి మాత్ర మొక్కటియే. వ్యతిరేకమునను ఇదే తీరు. ‘వాడు మాంసము తినడు’ అన్నది వ్రతము, ‘వాడు రేపు రాడు’ అన్నది భవిష్యత్తు. రూపమున భేదము లేదు. ‘వచ్చే వారము’ అన్నప్పుడు ‘వచ్చే’ అన్నదియు నిట్టిదే.

మూలద్రావిడమున భూతము, భూతేతరము అను రెండు కాలములే యుండెనని కృష్ణమూర్తి 2003లో వెలువడిన ద్రావిడభాషల గ్రంథమున నిర్ధారించెను. జర్మానిక్ కుటుంబమును రెండు కాలములతోనే మొదలైనదని పైన చూచితిమి. పరస్పరసంబంధము లేని రెండు కుటుంబములు ఒక్క చోటనుండియే బయలుదేరినవి. పిదప ఆంగ్లము ఇచ్ఛార్థక విధ్యర్థకములను తెచ్చి భవిష్యత్తును ప్రత్యేకించుకొనగా, తెలుగు భూతేతరమును చాలవఱకు నటులనే నిలుపుకొన్నది.

సామ్యము లింకను గలవు. ‘చేయబోతున్నాను’ అను ప్రయోగమును విడదీసినచో ‘చేయ’ అను తుమర్థకమునకు ‘పోవు’ అను గమనార్థక ధాతువు చేరినది. ‘గోయింగ్ టు’ నిర్మాణమును సరిగా నిదియే. ఒకదానినుండి మఱియొకటి పుట్టలేదు. నడచువాడు ముందునకు నడచును గనుక మనుష్యబుద్ధి భవిష్యత్తును నడకతో పోల్చుకొన్నది. ఉర్దూలోని ‘ఆయేగా’ వంటి రూపములందలి ‘గా’ సైతము పోవుట యను నర్థముగల ‘గత’ శబ్దమునుండి వచ్చినదని పండితుల యభిప్రాయము. ‘వాడు పడబోయినాడు’ అన్నచో పడలేదని స్ఫురించునట్లే, ‘హి వాజ్ గోయింగ్ టు ఫాల్’ అన్నచోను పని నెఱవేఱలేదని సాధారణముగా స్ఫురించును. అయితే ‘గోయింగ్ టు’ ఒంటిగా మోయు బరువును తెలుగు పంచియిచ్చినది. ఆధారమును బట్టి చెప్పుటకు ‘వాన పడేటట్టున్నది’ అందుము. సంకల్పమునకు ‘ఇల్లు కొందామనుకుంటున్న’ అందుము. ఆసన్నతకు ‘బోవు’ను వాడుదుము.

ఊహార్థమునందలి సామ్యము మఱింత విశేషమైనది. రాత్రి షిఫ్టునకు బాపు వెళ్లిన గంటకు మా అమ్మ గడియారము చూచి ‘ఈపాటికి దిగి ఉంటడు’ అనెడిది. ‘ఉంటడు’ అన్నది భవిష్యత్తద్ధర్మరూపము. చెప్పుచున్నది మాత్రము జరిగిపోయినదానిని గూర్చి. దీనికి సరియైన యాంగ్లము ‘హి విల్ హావ్ గాన్ డౌన్ బై నౌ’. కానరాని గతమునకును, కానరాని భావికిని ఒక్కరూపమే చాలునని రెండు భాషలును అంగీకరించినవి.

5. దోషములకు మూలము

ఇప్పుడు మొదటి చిక్కునకు వత్తము. ‘పోతడు’ అను క్రియకు అలవాటు, భవిష్యత్తు అను రెండర్థములు గలవు. ఆంగ్లము వానిని ‘గోస్’, ‘విల్ గో’ అని విడదీయును. ‘వస్తాడు అనగా విల్ కమ్’ అని మొదటి తరగతులలో నేర్పిన సమీకరణమే విద్యార్థిచేత ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్’ అనిపించుచున్నది. ఉర్దూ మాతృభాషగా గలవా డీ తప్పును సులభముగా చేయడు. ఆ భాషలో ‘ఆతా హై’, ‘ఆయేగా’ అని భేదము ముందే యున్నది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనాభాషగా నున్న దినములలో, ఆంగ్లమును ఉర్దూద్వారా నేర్చినవారి కీ విషయమున నొక మెట్టు ముందే యేర్పడియుండెను. తెలుగుద్వారా నేర్చువారికి ఆ మెట్టును ఉపాధ్యాయుడే కట్టియీయవలెను.

రెండవ దోషము ‘ఇఫ్ హి విల్ కమ్’ అనుట. ‘వస్తే’ అను తెలుగురూపమున కాలచిహ్నమే లేదు. భవిష్యత్తన్నచోట నెల్ల విల్ చేర్పవలెనని విన్న విద్యార్థి ఇక్కడను చేర్చును. దోషము తెలుగునుండి కాక బోధనాసూత్రమునుండి వచ్చినది.

కావున ఉపాధ్యాయుడు చేయవలసిన పని యిది. తెలుగువాక్యము నిచ్చినప్పుడు ముందుగా ‘రోజూ’, ‘రేపు’ అను పదములను మార్చి మార్చి చేర్పించి, ఏది యతుకునో విద్యార్థినే చెప్పనీయవలెను. రేపటిదైనచో రెండవ ప్రశ్న వేయవలెను: ఇది ఇప్పుడే తోచినదా, ముందే అనుకొన్నదా, ఎవరితోనైన నేర్పఱచుకొన్నదా, పట్టికలో నున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు విల్, గోయింగ్ టు, అనుబంధరూపము, కేవల వర్తమానము వరుసగా సమాధానములు. పండ్రెండు కాలముల పట్టికను వల్లించుటకంటె నిది మేలు.

6. అనువాదమున జాగ్రత్త

ఈ విచారము తరగతిగదితో ముగియునది కాదు. గనుల యూళ్లలో దీనికి ప్రాణసంబంధమైన ప్రయోజనము గలదు. 1952 నాటి గనుల చట్టమును, దాని క్రింద 1957లోను 2017లోను వెలువడిన బొగ్గుగనుల నియమావళులును ఆంగ్లమున షల్ అను మాటపై నడచినవి. అక్కడ షల్ భవిష్యత్తు కాదు, విధి. ఆ ప్రాచీనధాతువునందలి ఋణార్థమే అక్కడ మేల్కొనియున్నది.

కొన్నేండ్ల క్రింద ఒక భద్రతాపత్రమునకు చేసిన తెలుగు నా కంటబడినది. ‘సపోర్టు లేని పైకప్పు క్రిందకు ఎవరును వెళ్లరు’ అని యందు వ్రాసియుండెను. మూలమున ‘నో పర్సన్ షల్ ఎంటర్’ అని యుండియుండవలెను. ‘వెళ్లరు’ అన్నచో అది అలవాటును గూర్చిన వార్తయో, రేపటిని గూర్చిన జోస్యమో యగును. నిషేధము మాత్రము కాదు. ‘వెళ్లరాదు’ అనియో ‘వెళ్లకూడదు’ అనియో యుండవలెను. ఒక్క క్రియారూపము తప్పినందున ఆజ్ఞ వర్ణనగా మాఱినది. అట్లే ‘అధికారి కప్పును పరీక్షించును’ అన్నచో అధికారి గుణవర్ణన మగును. ‘పరీక్షింపవలెను’ అన్నప్పుడే యాతని బాధ్యత యేర్పడును. ‘పరీక్షించగలరు’ అన్నచో శక్తియో, ప్రార్థనయో, భవిష్యత్తో తేలదు. ‘పరిహారము చెల్లింపబడును’ అన్న వాక్యమును చేతబట్టుకొన్న కుటుంబము దానిని వాగ్దానమని చదువుకొనును. చెల్లించువాడు వార్తయని చదువుకొనవచ్చును. ‘చెల్లింపవలెను’ అన్నచో ఇరువురకును ఒక్కటే యర్థము.

షల్ యొక్క సందిగ్ధత ఆంగ్లేతరులకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో కేంద్రన్యాయస్థానముల సివిలు వ్యవహారనియమములను 2007లో తిరుగ వ్రాసినప్పుడు షల్‌ను తొలగించి, విధియున్నచోట మస్ట్ అను స్పష్టమైన పదమును నిలిపిరి. మాతృభాషగా గలవారే విడిచిన సందిగ్ధతను మనము అనువాదమున మోయనక్కఱలేదు. ‘వలెను’, ‘రాదు’, ‘కూడదు’ అను తేటమాటలు మనకు గలవు.

ఉపసంహారము

ఆంగ్లమున భవిష్యత్కాలరూపము లేదు. భవిష్యత్తును చెప్పు ప్రక్రియలు పెక్కు గలవు. అవి యన్నియు కోరిక, విధి, గమనము, ఏర్పాటు, పట్టిక అను వర్తమానవిషయములనుండియే పుట్టినవి. తెలుగున ఒక్క రూపమే అలవాటునకును భవిష్యత్తునకును నిలిచి, పరిసరపదములచేత విడివడుచున్నది. ఈ భేదము నెఱిగి బోధించినచో చిరకాలముగా వచ్చుచున్న దోషములు తొలగును. ఎఱిగి యనువదించినచో ఆజ్ఞలు ఆజ్ఞలుగానే నిలుచును.

మా బాపు షిఫ్టునకు బయలుదేరుచు ‘పోత’ అని యెన్నడు ననలేదు, ‘పోయొస్త’ అనెడివాడు. పోవుట అసమాపకక్రియలో నణగిపోయి, వచ్చుట యొక్కటియే సమాపకక్రియగా నిలిచిన మాట యది. దానిని ఆంగ్లమున పెట్టుటకు నేను పలుమార్లు యత్నించితిని. విల్ అన్నచో వాగ్దానము వచ్చును గాని అలవాటు పోవును. కేవల వర్తమానమన్నచో అలవాటు వచ్చును గాని వాగ్దానము పోవును. మా అమ్మకు రెండును వినబడెడివి: ఇన్నాళ్లును వచ్చినవాడను, నేడును వత్తును అని. తద్ధర్మమును భవిష్యత్తును ఒక్కరూపమున నిలుపుకొన్న భాషయే ఆ ధైర్యము నీయగలదు. మన భాషయందలి యీ లక్షణమును లోపముగా గాక భిన్నమైన యొక సంపత్తిగా విద్యార్థులకు చూపి, పిదప ఆంగ్లమును బోధించుట యుక్తమని నా విన్నపము.